గాలి లేని సాయంత్రం

హెర్దిస్ రేవుకు వచ్చేసరికి మూడున్నర కూడా కాలేదు. డిసెంబరు రెండో వారం. ధ్రువానికి దగ్గరైన ఆ తీరంలో సూర్యుడు మొహం చూపించి మూడు వారాలైంది. మధ్యాహ్నం ఓ రెండు గంటలు కొండల వెనక నీలంగా వెలిగిన ఆకాశం అప్పటికే ఆరిపోయింది. జెట్టీ మీది నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి. రోజూలాగే ఆమె నారింజరంగు కోటు వేసుకుంది, తోలు తొడుగులు చేతులకి ఎక్కించింది, రెండు ఇనప గుంజల మీదా పేరుకున్న మంచును పారతో గీకేసింది. ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. ఉత్తరానికి పోయే ఓడ మూడూ నలభైకి వస్తుంది, పైనుంచి మోకు విసురుతారు, ఆమె అందుకుని గుంజకు తగిలిస్తుంది. పావుగంటయ్యాక తీసేస్తుంది. ఆమెకు ముందు ఆ పని వాళ్ళ నాన్న చేసేవాడు.

ఆ రోజు మాత్రం కోటు కింద నల్లబట్టలున్నాయి. వచ్చే ఓడలో ఆమె అన్న ఓలుఫ్ ఉన్నాడు. పెట్టెలో.

ఓలుఫ్‌కి అరవయ్యారేళ్ళు. పన్నెండు రోజుల కిందట ఊపిరి అందక పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. అంబులెన్సు కనుమ దాటిన రాత్రే కొండచరియ మీది మంచంతా జారి రోడ్డు మూసేసింది. భార్య బోదిల్ బట్టలు సర్దుకుని ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది. తొమ్మిదో రోజున నర్సు ఫోను ఓలుఫ్ చెవి దగ్గర పెట్టింది. బోదిల్ ఇటునుంచి అరగంట మాట్లాడింది. కోళ్ళ గురించి, పక్కింటివాళ్ళ కొత్త పొయ్యి గురించి, పడవకి రంగు వెయ్యడం గురించి. అటునుంచి ఊపిరి చప్పుడే తప్ప మాట లేదు. విన్నాడో లేదో తెలియదు. ఆ సాయంత్రమే పోయాడు.

రోడ్డు ఇంకా తెరవలేదు. అందుకే పెట్టె ఓడలో వస్తోంది. గడ్డకట్టిన నేలను తవ్వడానికి శ్మశానంలో మూడు రోజులు రేకుల కింద బొగ్గులు మండించారు. నాలుగు ఊళ్ళకు ఒకే పాస్టరు కాబట్టి ఆమె ముందురోజే చేపల పడవలో వచ్చేసింది; మర్నాడు పదకొండింటికి సమాధి చేసి మధ్యాహ్నమే వెళ్ళిపోవాలి. చుట్టుపక్కల దీవుల నుంచి బంధువులొచ్చి ఇళ్ళల్లో దిగారు. బడి హాల్లో కాఫీకీ, లెఫ్సె రొట్టెలకీ బల్లలు పరిచారు.

మూడూ ముప్పయ్యయిదుకి ముప్పై మంది దాకా జెట్టీ మీదకొచ్చి నిలబడ్డారు. పాస్టరు, పెట్టె మొయ్యడానికి ఆరుగురు మగవాళ్ళు, చేతుల్లో లాంతర్లతో ఆడవాళ్ళు. బోదిల్ అందరికన్నా ముందు, నీళ్ళ అంచుకు దగ్గరగా నిలబడింది. ఆమె కొడుకు యోస్టీన్ తల్లి మోచెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

గాలి లేదు. లాంతర్లలో మంటలు కదలడం లేదు. ఇళ్ళ పొగగొట్టాల్లోంచి పొగ నిటారుగా లేచి, పైకెళ్ళి ఎక్కడో కలిసిపోతోంది.

ఓడ ఆలస్యంగా, నాలుగూ ఇరవైకి కొండ మలుపు తిరిగింది. ఒంటినిండా దీపాలు. ఈ పదేళ్ళలో ఆ ఓడలు చాలా మారాయి. ఒకప్పుడు చేపల పెట్టెలూ, ఉత్తరాలూ, కాన్పుకెళ్ళే ఆడవాళ్ళూ, సెలవులకొచ్చే పిల్లలూ. ఇప్పుడు మూడంతస్తుల అద్దాలు, డెక్కు మీద పొగలు కక్కే వేణ్ణీళ్ళ తొట్టెలు, చలికాలపు రాత్రుల్లో ఉత్తరాన ఆకాశంలో పుట్టే రంగుల వెలుగులు చూడ్డానికి దేశదేశాలనుంచి వచ్చిన జనం. సరుకు గది మాత్రం ఇంకా అడుగున ఉంది. ఊళ్ళో ఎవరూ దానికి తప్పుపట్టలేదు. ఎవరేం చూడ్డానికొస్తే ఏం, పాలు వస్తున్నాయి, మందులు వస్తున్నాయి.

హెర్దిస్ తన గుంజ దగ్గర నిలబడింది. ఓడ ముక్కు ఇటు తిరిగే చోటు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నీళ్ళలో తేలే ఎర్రదీపం బోయా దాటగానే తిరగాలి.

ఓడ బోయా దాటింది. తిరగలేదు.

"హెర్దిస్, అదేంటే?" అంది బోదిల్. "ఇటు రావట్లేదేం?"

"వస్తుంది వదినా. కాస్త ముందుకెళ్ళి తిరుగుతుందేమో."

అన్నదే గాని ఆమెకు తెలుసు, అంతకన్నా ముందుకెళ్ళి తిరగడానికి చోటు లేదు. ఓడ కూత కూడా వెయ్యలేదు. పెళ్ళి ఊరేగింపులా వెలిగిపోతూ వాళ్ళందరి ముందునుంచే సాగిపోయింది. డెక్కు మీద ఎర్రకోట్ల జనం కనిపించారు. ఒకరిద్దరు లాంతర్లను చూసి చేతులూపారు.

హెర్దిస్ జెట్టీ షెడ్డులోకి పరిగెత్తి రేడియో అందుకుంది.

"స్టెయిన్‌హమ్న రేవు మాట్లాడుతున్నా. మమ్మల్ని దాటిపోయారు. వినబడుతోందా?"

కాసేపటికి కుర్రగొంతు ఒకటి పలికింది. "వినబడుతోంది స్టెయిన్‌హమ్న. మీ రేవు దగ్గర గాలి ఎక్కువగా ఉందండి. ఇవాళ ఆగడం లేదు. కెప్టెన్ గారి నిర్ణయం."

హెర్దిస్ గోడమీది మీటరు వైపు చూసింది. "గాలా? సెకనుకి రెండు మీటర్లుంది ఇక్కడ. రెండు! నా టోపీ కూడా కదలట్లేదు. ఏ గాలి గురించి మాట్లాడుతున్నావు బాబూ?"

"నాకు చెప్పింది అదేనండి. మీ సరుకు తర్వాతి రేవు నూర్‌వోగ్‌లో దింపి, ఎల్లుండి తిరుగు ఓడలో పంపిస్తాం."

"సరుకు?"

హెర్దిస్ మైకును నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది.

"అది మా అన్నయ్యయ్యా," అంది హెర్దిస్. "ఇక్కడ ఆయన పెళ్ళాం నిలబడి ఉంది. కొడుకు నిలబడి ఉన్నాడు. పాస్టరు ఉంది. మీ కెప్టెన్‌కి లోపల ఏముందో తెలుసా?"

ఆ కుర్రగొంతు బాగా తగ్గి, "తెలుసండి," అంది. రేడియో ఆగిపోయింది.

హెర్దిస్ మైకు కొక్కేనికి తగిలించి మళ్ళీ మీటరు వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళ కిందట, జనవరి తుఫానులో, ఇదే మీటరు ఇరవై నాలుగు చూపిస్తుంటే ఓడ ఇదే జెట్టీకి వచ్చింది. ఊళ్ళో ఒక పిల్లకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మోకు అందుకోబోయిన హెర్దిస్‌ను గాలి నీళ్ళ వైపు ఈడ్చేస్తుంటే ఓలుఫ్ వెనకనుంచి నడుము పట్టుకుని, బూతులు తిడుతూ, ఆమెతోపాటు మోకును గుంజకి తగిలించాడు. ఆనాటి ముసలి కెప్టెన్ కిందికి దిగి ఇద్దరికీ చెయ్యి కలిపి మరీ వెళ్ళాడు. గాలంటే అదీ. ఇవాళ ఆ ఓలుఫ్ లోపలుంటే గాలి వంక పెట్టి దాటిపోయారు.

"అత్తా!" బయటినుంచి యోస్టీన్ పిలిచాడు. "ఓడ ఆగింది. రా, చూడు."

నిజమే. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, సముద్రపాయ నోటి దగ్గర ఓడ నిలిచిపోయింది. చూస్తుండగానే దాని దీపాలు ఒక్కో అంతస్తే ఆరిపోయాయి. నల్లటి గడ్డలా మిగిలింది. దాని మీద ఆకాశంలో, ఉత్తరపు కొండ నెత్తిన, పచ్చటి వెలుగు పుట్టి తెరలా ఊగడం మొదలుపెట్టింది.

ఓడ దేనికోసం ఆగకుండా పోయిందో అప్పుడందరికీ అర్థమైంది. అయిదు రోజులుగా మబ్బు వదల్లేదు. ఈ సాయంత్రం రెండు మూడు గంటలు తెరిపిస్తుందని పొద్దున్నే వాతావరణ వార్తల్లో చెప్పారు. ఆ సంగతి కొండదాకా ప్రతి ఇంట్లోనూ తెలుసు.

పెట్టె మొయ్యడానికొచ్చిన ఒకాయన నీళ్ళలోకి ఉమ్మేశాడు. పాస్టరు, "రేపు మధ్యాహ్నం నేను వెళ్ళక తప్పదు, హెర్దిస్. ఆ పక్క ఊళ్ళో ఇంకొకరిని సమాధి చెయ్యాలి," అంది మెల్లగా. బోదిల్ మాత్రం ఓడ వైపే చూస్తోంది.

"మీ నాన్న పడవ ఇంజను వేడిగా ఉందా?" అని హెర్దిస్ యోస్టీన్‌ని అడిగింది.

"మధ్యాహ్నమే నడిపా."

"పద."

"నేనూ వస్తా," అంది బోదిల్.

"వదినా, చలి..."

"పన్నెండు రోజులైంది హెర్దిస్. వస్తానన్నానా?"

పడవలో పావుగంట లోపలే చేరుకున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పైనున్న పచ్చరంగంతా కిందా కనిపిస్తోంది. హెర్దిస్ తల పైకెత్తి ఒక్కసారి కూడా చూడలేదు. ఓడ పక్కకి వచ్చేసరికి పైన డెక్కు మీద నాలుగు వందల మంది ఒకే రంగు కోట్లలో, వాలుకుర్చీల్లో పడుకుని, రెయిలింగుకి ఆనుకుని, నోళ్ళు తెరుచుకుని ఆకాశం చూస్తున్నారు. మైకులో ఎవరో ఆడమనిషి తీయటి గొంతుతో, ఈ వెలుగులు చనిపోయినవాళ్ళ ఆత్మలని ఇక్కడి పూర్వీకులు నమ్మేవారని చెబుతోంది. చప్పట్లు కొట్టారు. పడవను చూసి కొందరు, "చూడండి, చేపలవాళ్ళు!" అని కేకలేశారు. ఫోటోల మెరుపులు మెరిశాయి.

హెర్దిస్ పొడుగాటి కొక్కెంకర్ర తీసుకుని ఓడ ఇనప పక్క మీద బాదడం మొదలుపెట్టింది. ధన్. ధన్. ధన్. పైన మైకు తడబడి ఆగిపోయింది.

నీటికి నిలువెత్తు పైన సరుకు తలుపు తెరుచుకుంది. హాల్‌గేర్ తల బయటపెట్టాడు. డెక్కు పనివాళ్ళకి మేస్త్రీ. పదిహేనేళ్ళుగా పైనుంచి హెర్దిస్‌కి మోకు విసిరేవాడు అతనే.

"అక్కా! నువ్వా?"

"మా అన్నయ్య ఎక్కడ?"

హాల్‌గేర్ వెనక్కి తిరిగి చూసి మెట్టు మీద కూర్చుని ముందుకు వంగాడు. "ఇక్కడే, నా వెనకే ఉన్నాడు. నేనే మంచి దుప్పటి కప్పాను. అక్కా, నేను చెప్పిచూశా. పొద్దున కుక్కబండ్ల షికారుకి వెళ్ళినవాళ్ళు లేటుగా వచ్చారు. నలభై నిమిషాలు పోయింది. మళ్ళీ మబ్బు కమ్మేలోపల వెలుగులు చూపించాలి. ఏదో ఒకటి మానుకోవాలి కదా, మీ ఊరు మానుకున్నారు."

"పిలువు ఆ మనిషిని."

"అక్కా, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగానికేం కాదు. కొక్కెంకర్రతో కొడుతున్నది నేను. పిలువు."

కెప్టెన్ లిండ్‌బేక్ వచ్చాడు. నలభయ్యయిదేళ్ళు ఉంటాయి. దక్షిణం వాడు, ఈ దారిలోకి వచ్చి ఇది రెండో శీతాకాలం. శుభ్రంగా గీసిన గడ్డం, ఇస్త్రీ నలగని కోటు. తలుపు దగ్గర నిలబడి మర్యాదగా తల వంచాడు.

"మీ కుటుంబానికి నా సానుభూతి. మీ రేవు దగ్గర గాలి పరిస్థితి..."

హెర్దిస్ తొడుగు పళ్ళతో లాగేసి, జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసి పైకెత్తి పట్టుకుంది. సముద్రం మధ్యలో, పడవలో, ఆ మంట నిటారుగా నిలబడింది. అలాగే కాలుతూ వేళ్ళ దాకా వచ్చింది.

"చెప్పండి," అంది. "ఏ గాలి?"

"ఇక్కడ లేకపోవచ్చు. రేవు దగ్గర పరిస్థితి వేరు. భద్రత విషయంలో నిర్ణయం..."

"ఇరవయ్యారేళ్ళు ఆ రేవులో నిలబడ్డదాన్ని. నాకు చెబుతున్నారా అక్కడ గాలెంతో? అబద్ధం ఆడేటప్పుడు తెలియనివాళ్ళ దగ్గర ఆడాలి."

పైన రెయిలింగు మీద వంగిన తలలు పెరుగుతున్నాయి. కెప్టెన్ గొంతు తగ్గించాడు. "అమ్మా, నేను ఈ నీళ్ళ మీద పెట్టె దింపలేను. నిబంధనలు ఒప్పుకోవు. నూర్‌వోగ్‌లో గౌరవంగా దింపుతాం. ఎల్లుండి..."

"నీళ్ళ మీద దింపమని ఎవరన్నారు? పది నిమిషాల దారి. జెట్టీకి రండి. పాస్టరు రేపు వెళ్ళిపోతుంది. గొయ్యి తవ్వి ఉంది. ఎల్లుండి అంటే ఎవరొస్తారు ప్రార్థన చదవడానికి, మీరొస్తారా?"

"ప్రయాణికులు అయిదు రోజులుగా ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఎంతోమందికి ఇది జీవితంలో ఒక్కసారి... మీ బాధ నాకు అర్థమవుతోంది."

అప్పుడే హెర్దిస్ పక్కనుంచి బోదిల్ పడవ అంచు దాకా నడిచి, రెండు అరచేతులూ ఓడ పక్కకి ఆనించింది. మంచు పట్టిన ఇనుము మీద, తొడుగుల్లేకుండా.

"ఓలుఫ్," అంది, "నేనొచ్చానయ్యా. బయటే ఉన్నా."

హాల్‌గేర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కెప్టెన్ చేతిగడియారం చూసుకున్నాడు. చూసుకోకూడదనుకుంటూనే చూసుకున్నాడని అతని మొహం చెప్పింది. కానీ చూసుకున్నాడు.

"ఎంతైంది టైము?" అని అరిచింది హెర్దిస్. "చెప్పు, ఎంతైంది? ఆకాశం చూడ్డానికి గంట ఉంది నీకు, చచ్చిపోయినవాణ్ణి పెళ్ళానికి అప్పగించడానికి పావుగంట లేదు! అక్కడ మైకులో చచ్చినవాళ్ళ ఆత్మలని కథలు చెప్పిస్తున్నావే, కాళ్ళ కిందున్న చచ్చినవాడి సంగతి చెప్పావా వాళ్ళకి? చెప్పు! సిగ్గు లేదూ? యోస్టీన్, తిప్పు పడవ. ముక్కు ముందు పెట్టు."

యోస్టీన్ ఒక్కసారి తల్లి వైపు చూసి చుక్కాని తిప్పాడు. నాన్న పడవను ఓడ ముక్కుకి అడ్డంగా, ముప్పై అడుగుల దూరంలో ఆపి ఇంజను ఆర్పేశాడు. ఉన్న దీపాలన్నీ వేశాడు.

హెర్దిస్ పడవలోని రేడియో తీసుకుంది. అందరూ వినే చానెల్ నొక్కింది.

"వింటున్న పడవలన్నిటికీ. నేను స్టెయిన్‌హమ్న రేవు మనిషిని, హెర్దిస్‌ని. ఉత్తరం ఓడ మా రేవులో ఆగకుండా వచ్చేసింది. గాలి ఎక్కువని చెప్పారు. గాలి రెండు మీటర్లు. లోపల మా అన్న ఓలుఫ్ శవం ఉంది. అది దింపకుండా ఇక్కడ దీపాలార్పి వెలుగులు చూపిస్తున్నారు. నేను ముక్కు ముందున్నా. పెట్టె దింపేదాకా కదలను."

రేడియోలో ఒక ముసలి గొంతు, "విన్నాను హెర్దిస్. ఓలుఫ్ నా వలలు ఎన్నిసార్లు లాగిపెట్టాడో. వస్తున్నా," అంది. కాసేపటికి ఊరి వైపునుంచి ఒక దీపం కదిలింది. దాని వెనక ఇంకొకటి. మొత్తం మూడు పడవలు వచ్చి యోస్టీన్ పడవ పక్కన వరసగా నిలబడ్డాయి. ఎవరూ కేకలెయ్యలేదు. ఇంజన్లు ఆపి కూర్చున్నారు.

తీర రేడియో కేంద్రం నుంచి ఒక ఆఫీసరు కలగజేసుకున్నాడు. ముందు హెర్దిస్‌ని, ఓడ దారికి అడ్డం ఉండటం నేరమని హెచ్చరించాడు. "తెలుసు. రాసుకోండి," అంది ఆమె. తర్వాత అతను కెప్టెన్‌ని పిలిచాడు.

"రేవు తప్పించడానికి కారణం గాలి అని నమోదు చేశారా?"

"అవును."

"స్టెయిన్‌హమ్న దగ్గర మా మీటరు కూడా ఉంది కెప్టెన్. గంట సేపటినుంచీ రెండు దాటలేదు. మీరు ఆ నమోదు అలాగే ఉంచుతారా?"

కెప్టెన్ జవాబివ్వలేదు. ఈ తీరం పొడుగునా ప్రతి పడవలోనూ, వంటగది కిటికీల్లో పెట్టుకున్న ప్రతి రేడియోలోనూ ఆ మౌనం వినబడింది. నిమిషం గడిచింది. తర్వాత ఓడ దీపాలు అడుగునుంచి పైదాకా ఒకటొకటే వెలిగాయి. పై డెక్కు నుంచి నిరాశగా "ఓ..." అన్న అరుపు లేచింది.

"స్టెయిన్‌హమ్నకి తిరుగుతున్నాం," అన్నాడు కెప్టెన్ రేడియోలో. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

పడవలు పక్కకి తప్పుకున్నాయి. ఓడ తిరిగేలోపల యోస్టీన్ పడవను ఇంజను గొంతు చించుకునేలా తోలాడు. ఎందుకంటే ఓడ జెట్టీకి వస్తే మోకు అందుకోవాల్సింది హెర్దిసే. ఇంకెవరికీ ఆ పని రాదు.

ఆమె జెట్టీ మీదకి దూకి తన గుంజ దగ్గర నిలబడింది. పైనుంచి మోకు విసిరారు. అందుకుంది. తడిసి గట్టిపడ్డ ఆ లావుపాటి మోకును లాగుతుంటే, దీన్ని నీళ్ళలోకి తన్నెయ్యాలని కాలు ఉబలాటపడింది. లోపల ఓలుఫ్ ఉన్నాడు. తగిలించింది.

సరుకు తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపల సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ఇంజను మోగింది.

"దాన్ని ఆపండి," అని అరిచింది హెర్దిస్. "చేపల పెట్టె కాదది. చేతుల మీద తీసుకురండి."

ఫోర్క్‌లిఫ్ట్ ఆగింది. హాల్‌గేర్, ఇంకో ముగ్గురు పనివాళ్ళు టోపీలు తీసి పెట్టెను భుజాలకెత్తుకున్నారు. గడప దగ్గర ఊరి ఆరుగురూ అందుకున్నారు. బోదిల్ పెట్టె మీద చెయ్యేసి పక్కనే నడిచింది. పాస్టరు ముందు నడిచింది. లాంతర్లు వెనక వెళ్ళాయి. పైన మూడంతస్తుల అద్దాల వెనకా, రెయిలింగు వెంటా ఎర్రకోట్లు కదలకుండా నిలబడ్డాయి. ఈసారి ఎవరూ ఫోటో తియ్యలేదు. అయినా ఆకాశంలో ఆ వెలుగులు ఇంకా ఊగుతూనే ఉన్నాయి, ఎవరికీ పట్టకుండా.

ఒక ముసలావిడ మాత్రం మెట్లు దిగి జెట్టీ మీదకొచ్చింది. జర్మనీ మనిషిలా ఉంది. ఎర్రకోటు ఆమెకి రెండు సైజులు పెద్దది. హెర్దిస్ దగ్గరకొచ్చి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. "ఇదంతా... మా వల్లేనా?"

హెర్దిస్‌కి ఆ భాష చాలినంత వచ్చు. కాదు అని ఒక్క మాట అంటే ఆ మనిషి హాయిగా వెళ్ళి పడుకుంటుందని కూడా తెలుసు.

"అవును," అంది.

ఆవిడ కళ్ళు నిండాయి. "మాకు చెప్పలేదు. గాలి ఎక్కువగా ఉందని చెప్పారు."

"గంటసేపు బయట పడుకున్నారు కదా. మీ మొహానికి తగల్లేదా గాలి?"

ఆవిడ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, పెట్టె వెళ్ళిన దారి వైపు చూస్తూ కాసేపు నిలబడి, ఓడ ఎక్కేసింది. హెర్దిస్‌కి జాలి వెయ్యలేదు. వెయ్యనందుకు బాధా కలగలేదు.

మర్నాడు పదకొండింటికి, ఉన్న కాస్త నీలపు వెలుగులో ఓలుఫ్‌ని సమాధి చేశారు. బోదిల్ ఏడవలేదు. బడి హాల్లో అందరికీ తనే కాఫీ పోసింది. ముందురోజు వచ్చిన మూడు పడవల వాళ్ళకి మాత్రం రెండేసి లెఫ్సె రొట్టెలు, వెన్న మందంగా రాసి పెట్టింది.

వారానికి ఓడ కంపెనీ నుంచి రెండు ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. ఒకటి హెర్దిస్‌కి. ఓడ దారికి అడ్డుపడినందుకు సంజాయిషీ ఇవ్వాలనీ, మళ్ళీ జరిగితే పని పోతుందనీ. రెండోది బోదిల్‌కి. జరిగిన అసౌకర్యానికి చింతిస్తూ ఇద్దరికి నాలుగు రోజుల ఉచిత ప్రయాణం టిక్కెట్లు, సముద్రం మీదనుంచి వెలుగులు తిలకించేందుకు. బోదిల్ ఆ మాట రెండుసార్లు పైకి చదివింది. "అసౌకర్యం," అంది. పొయ్యి తలుపు తెరిచి టిక్కెట్లు లోపలికి తోసి, కట్టెపుల్లతో ఎగదోసింది.

"నువ్వేం రాస్తావు?" అని ఆడపడుచుని అడిగింది.

"రాసేశా. నాలుగు లైన్లు. టైము, గాలి, దూరం, అన్నయ్య పేరు."

"క్షమించమని రాయలేదు కదా?"

"నాకేం పిచ్చా వదినా?"

క్రిస్మసుకి మూడు రోజుల ముందు అదే ఓడ, అదే కెప్టెన్‌తో మళ్ళీ వచ్చింది. టైముకే వచ్చింది. మోకు పడింది, హెర్దిస్ తగిలించింది. లోపలినుంచి బడికి పాలు, ఎవరిదో కొత్త కుర్చీ, మందుల పెట్టెలు దిగాయి. ఆమె కాగితాల మీద సంతకాలు పెడుతుంటే కెప్టెన్ లిండ్‌బేక్ మెట్లు దిగి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. మనిషి కాస్త చిక్కాడు.

"ఆ రోజు జరిగినదానికి నేను స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాను," అన్నాడు. "తప్పు చేశాను. గాలి అని అబద్ధం చెప్పాను."

అంత సూటిగా అంటాడని హెర్దిస్ అనుకోలేదు. ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. కోపం ఆరలేదు. కానీ ఆ మాట విన్నది.

"నాక్కాదు చెప్పాల్సింది," అంది. "అదిగో, పచ్చగేటు ఇల్లు. నడిస్తే నాలుగు నిమిషాలు. బోదిల్ ఇంట్లోనే ఉంది. వెళ్ళి ఆమెకి చెప్పండి."

కెప్టెన్ పచ్చగేటు వైపు చూశాడు. తర్వాత పై డెక్కు వైపు, ఎర్రకోట్ల వైపు చూశాడు. చెయ్యి తనంతట తానే లేచింది, గడియారం బయటపడింది.

"ఇవాళ కుదరదేమో," అన్నాడు. "మళ్ళీ వచ్చినప్పుడు తప్పకుండా..."

"అయితే తప్పుకోండి," అంది హెర్దిస్. "మోకు మీద నిలబడ్డారు."